ఒకే సైజులో పెరగని గీతలు: క్వాంటమ్ డాష్ లేజర్లతో నా అనుభవం

అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్ కింద, సెమీకండక్టర్ పలక మీద పెరిగే అతి చిన్న స్ఫటికాలైన క్వాంటమ్ డాష్‌లను మొదటిసారి చూసినప్పుడు, గాలికి మొత్తం ఒకే వైపు వాలిపోయిన గడ్డి గుర్తొచ్చింది. గుండ్రటి చుక్కలు, అంటే క్వాంటమ్ డాట్లు, కనిపిస్తాయనుకుని వెళ్ళాను. కనిపించినవి పొడుగాటి గీతలు. ఎత్తు రెండు నుంచి నాలుగు నానోమీటర్లు, వెడల్పు ఓ ఇరవై, పొడవు మాత్రం ఒకదానిది యాభై, పక్కదానిది మూడు వందలు, దాని పక్కది రెండు కలిసిపోయినట్టు ఇంకా ఎక్కువ. ఏ రెండూ ఒకేలా లేవు. ఈ గీతలతో లేజర్లు తయారు చేయడం, వాటిని కొంచెం కొంచెంగా బాగు చేయడం చాలా కాలంగా నా పని. దీని గురించి తెలుగులో ఎక్కడా పెద్దగా కనిపించదు కాబట్టి నాకు అర్థమైనంత రాస్తున్నాను.

ముందు అసలు చుక్కల సంగతి. 1982లో జపాన్‌లో అరకావా, సకాకి అనే ఇద్దరు ఒక లెక్క చూపించారు. ఎలక్ట్రాన్‌ను మూడు వైపులా బంధించి పెడితే దానికి విడివిడి ఎనర్జీ మెట్లు మాత్రమే ఉంటాయి, ఆ మెట్ల మధ్య ఖాళీ తగినంత ఉంటే వేడి పెరిగినా అది చెదరదు, కాబట్టి లేజర్ వెలగడం మొదలయ్యే కరెంటు, అంటే థ్రెషోల్డ్, ఉష్ణోగ్రతతో మారదు అని. చాలా అందమైన ఆలోచన అది. గాలియం ఆర్సెనైడ్ మీద ఇండియం ఆర్సెనైడ్ చుక్కలు పెంచి 1.3 మైక్రాన్ల దగ్గర ఆ కలను చాలావరకు నిజం చేశారు కూడా. కానీ దూరం వెళ్ళే ఫైబర్‌కు కావాల్సింది 1.55 మైక్రాన్లు, ఎందుకంటే గాజులో కాంతి అతి తక్కువగా నష్టపోయేది అక్కడే. ఆ తరంగదైర్ఘ్యం కోసం ఇండియం ఫాస్ఫైడ్ వేఫర్ (స్ఫటికపు పలక) మీదికి వస్తే కథ మారిపోతుంది.

ఇండియం ఆర్సెనైడ్ స్ఫటికానికీ గాలియం ఆర్సెనైడ్‌కూ పరమాణువుల మధ్య దూరంలో తేడా సుమారు 7 శాతం. ఇండియం ఫాస్ఫైడ్‌తో తేడా సుమారు 3.2 శాతమే. చుక్కలు ఏర్పడేది ఆ ఒత్తిడి వల్లే, పైన పేరుస్తున్న పొర బిగువు భరించలేక ముద్దలు కడుతుంది. బిగువు సగానికి తగ్గింది కాబట్టి ముద్ద కట్టే తొందర కూడా తగ్గింది, పైగా ఉపరితలం మీద ఇండియం పరమాణువులు ఒక దిశలో సులువుగా జరుగుతాయి, దానికి అడ్డంగా ఉన్న దిశలో అంత సులువుగా జరగవు. ఫలితం, చుక్క కాస్తా సాగి గీత అవుతుంది. అంటే డాష్‌ను ఎవరూ కావాలని కనిపెట్టలేదు. చుక్క కోసం వెతుకుతుంటే దొరికింది. 2001లో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ గీతలతోనే గది ఉష్ణోగ్రతలో పనిచేసే మొదటి లేజర్లు చూపించారు, 1.60 నుంచి 1.66 మైక్రాన్ల మధ్య.

ఆ 2001 ఫలితాల్లో రెండు అంకెలు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు, ఎవరైనా కొత్తగా చేరితే ముందు వాటినే చెప్తాను. ఒకే పొర డాష్‌లు ఉన్న లేజర్‌కు గరిష్ఠ గెయిన్, అంటే కాంతి ముందుకు సాగే కొద్దీ ఎంత పెరుగుతుందో చెప్పే అంకె, సెంటీమీటరుకు 15. అయిదు పొరలు పెడితే 22. అయిదు పొరలకు 75 రావాలి కదా అనిపిస్తుంది. రాదు. ఎందుకు రాదో అర్థం చేసుకుంటే ఈ లేజర్ల కష్టాల్లో సగం అర్థమైనట్టే.

ముందు 15 అంటే ఎంత తక్కువో చూద్దాం. పూత ఏమీ వేయకుండా విరిచిన చిప్ అంచు, అంటే ఫేసెట్, దాదాపు 30 శాతం కాంతిని వెనక్కి పంపుతుంది. చిప్ పొడవు అర మిల్లీమీటరు అయితే ఆ రెండు అంచుల్లోంచి బయటికి పోయే కాంతిని నష్టంగా లెక్కేస్తే సెంటీమీటరుకు 24 వస్తుంది. గెయిన్ 15, నష్టం 24. వెలగదు, లేదా కింది మెట్టు నిండిపోయి పై మెట్టు మీద, మనకు అక్కర్లేని తరంగదైర్ఘ్యంలో వెలుగుతుంది. ఒక మిల్లీమీటరు చిప్ అయితే అంచుల నష్టం 12, రెండు మిల్లీమీటర్లయితే 6. దీనికి తోడు లోపల శోషణ వల్ల, గరుకు గోడల వల్ల పోయేది వేరే. అందుకే డాష్ లేజర్లు ఎలక్ట్రాన్లను పలుచటి పొరలో బంధించే మామూలు క్వాంటమ్ వెల్ లేజర్ల కంటే పొడుగ్గా ఉంటాయి. వెనక అంచుకు 95 శాతం వెనక్కి కొట్టే పూత వేస్తే అర మిల్లీమీటరు చిప్‌కు కూడా నష్టం 24 నుంచి దాదాపు 12.5కు దిగిపోతుంది. ఇంత చవకగా ఇంత లాభం ఇచ్చే పని ఈ రంగంలో ఇంకొకటి లేదని నా అభిప్రాయం. అయినా చాలామంది మెటీరియల్ మీద నెలల తరబడి కుస్తీ పట్టి, పూత సంగతి చివర్లో చూద్దాంలే అనుకుంటారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను.

మరి అయిదు పొరలకు 22 మాత్రమే ఎందుకు? ఒక కారణం, ఒక పొర మీద ఇంకో పొర పెంచే కొద్దీ కింది పొరల బిగువు పైకి తగులుతుంది, పై గీతలు కింది గీతల కంటే వేరే సైజులో పెరుగుతాయి, కాబట్టి అవి వేరే తరంగదైర్ఘ్యంలో సాయం చేస్తాయి, మనకు కావాల్సిన చోట కాదు. ఇంకో కారణం, హోల్స్, అంటే ఎలక్ట్రాన్లు లేని ఖాళీలు, బరువైనవి, మెల్లగా కదులుతాయి, అవి వచ్చే పి వైపు ఉన్న పొరలు ముందు నిండుతాయి, దూరంగా ఉన్న పొరలకు సరిగ్గా అందవు. నిండని పొర ఊరికే ఉండదు, పక్క పొర ఇచ్చిన కాంతిని మింగుతుంది. పొరలు పెంచితే గెయిన్ పెరుగుతుంది అని గుడ్డిగా నమ్మి తొమ్మిది పొరలు పెట్టినవాళ్ళకు కొన్నిసార్లు ఆరు పొరల చిప్ కంటే ఎక్కువ థ్రెషోల్డ్ రావడానికి కారణం ఇదే. పొరల మధ్య అడ్డుగోడ మందం, ఆ గోడలో వ్యతిరేక దిశలో కొంచెం బిగువు పెట్టి మొత్తాన్ని సర్దడం, ఈ రెండూ సరిచేసుకున్నాకే పొరల సంఖ్య జోలికి వెళ్ళాలి.

ఇక సైజుల తేడా. ఎలక్ట్రాన్ ఎనర్జీని ఎక్కువగా నిర్ణయించేది గీత పొడవు కాదు, ఎత్తు. ఎందుకంటే మూడు కొలతల్లో చిన్నది అదే. 3 నానోమీటర్ల గీతలో అర నానోమీటరు అటూ ఇటూ అయితే వెలుగు రంగు స్పష్టంగా జరిగిపోతుంది. కాబట్టి పొడవులన్నీ సమానం చేయాలని తాపత్రయపడేకంటే ఎత్తులు సమానం చేయడం మీద దృష్టి పెడితే ఎక్కువ ఫలితం. ఫ్రాన్స్‌లో రెన్ నగరంలోని ఇన్సా అనే ఇంజినీరింగ్ సంస్థ వాళ్ళ పద్ధతి దీనికి భలే పనికొస్తుంది. గీతలు పెరిగాక వాటిని పూర్తిగా కప్పేయకుండా, రెండు మూడు నానోమీటర్ల ఇండియం ఫాస్ఫైడ్ మాత్రమే వేసి ఆగుతారు. ఎత్తు తక్కువ గీతలు మునిగిపోతాయి, ఎత్తైనవాటి తలలు బయట ఉంటాయి. అప్పుడు ఫాస్ఫరస్ వాతావరణంలో కాసేపు ఉంచితే బయటికి కనిపించే తలల్లోని ఆర్సెనిక్ పోయి ఫాస్ఫరస్ చేరుతుంది, తలలు కరిగిపోతాయి. ఆ తర్వాత రెండో పొర వేసి మూసేస్తారు. పచ్చిక కత్తిరించినట్టు అన్నీ ఒకే ఎత్తుకు వస్తాయి. రెండుసార్లు కప్పడం కాబట్టి దీన్ని డబుల్ క్యాప్ అంటారు.

అసలు గీతలే వద్దు, చుక్కలే కావాలి అనుకుంటే దారులున్నాయి. (311)బి దిశలో కోసిన వేఫర్ మీద పెంచితే గుండ్రటి చుక్కలు, అవీ చాలా దట్టంగా వస్తాయి. కాకపోతే ఆ వేఫర్‌ను మామూలు వేఫర్‌లా చక్కగా విరవలేం, ప్రాసెసింగ్ అంతా ఇబ్బంది. మామూలు (100) వేఫర్ మీదే ఆర్సెనిక్‌ను నాలుగు పరమాణువుల గుంపుగా కాకుండా రెండేసి పరమాణువుల అణువుగా పంపితే గీతలు కురచబడి చుక్కల్లాగా మారతాయని జర్మనీలోని కాసెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు చూపించారు. ఎంబీఈ (శూన్యంలో పరమాణు కిరణాలతో పొరలు పెంచే యంత్రం) ఉన్నవాళ్ళు ఇది తప్పకుండా ప్రయత్నించాలి. ఫాస్ఫైడ్ ఉపరితలం మీద నేరుగా పెంచేవాళ్ళకు మాత్రం ఒక హెచ్చరిక: ఆర్సెనిక్ తగలగానే పైనున్న ఫాస్ఫరస్ కొంత జారిపోయి దాని స్థానంలో ఆర్సెనిక్ చేరుతుంది, అంటే మనం వేయని ఇండియం ఆర్సెనైడ్ అదనంగా తయారవుతుంది. లెక్కేసుకున్న మందం ఒకటి, వచ్చేది ఇంకొకటి. మధ్యలో అతి పలుచటి గాలియం ఆర్సెనైడ్ పొర వేస్తే ఇది చాలావరకు అదుపులోకి వస్తుంది.

ఇప్పుడు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి, ఎందుకంటే దాని వల్ల రెండు నెలలు పోయాయి.

గీతలకు దిశ ఉంది కాబట్టి లేజర్‌కు కూడా దిశ ఉంటుంది. లేజర్ గీతలకు అడ్డంగా, అంటే లంబంగా, ఉండాలి. అప్పుడు కాంతి విద్యుత్ క్షేత్రం గీత పొడవు వెంట ఉంటుంది, గెయిన్ ఎక్కువ వస్తుంది. గీతల వెంటే లేజర్ పెడితే థ్రెషోల్డ్ బాగా పెరుగుతుంది. 2001 పరిశోధనలోనే ఇది స్పష్టంగా ఉంది, నాకూ తెలుసు. కానీ వేఫర్ దిశను గుర్తుపట్టడానికి అంచున కోసే చదునులు రెండు రకాలుగా ఉంటాయి, ఒకటి అమెరికా పద్ధతి, ఒకటి యూరప్-జపాన్ పద్ధతి. ఒక పద్ధతి నుంచి ఇంకో పద్ధతికి, పెద్ద చదును సూచించే స్ఫటిక దిశ 90 డిగ్రీలు మారిపోతుంది. మైక్రోస్కోప్ కింద చూసిన నమూనా ఒక పద్ధతి వేఫర్, లేజర్లు చేసింది ఇంకో పద్ధతి వేఫర్. పెట్టె మీద రాసి ఉంది. నేను చూడలేదు. రిడ్జ్‌లు, అంటే లేజర్ కాంతిని నడిపే గట్లు, అన్నీ గీతల వెంటే వచ్చాయి. థ్రెషోల్డ్ ఎందుకింత ఎక్కువ వస్తోందో అర్థం కాక మెటీరియల్ బాగాలేదనుకున్నాం, పెరుగుదల ఉష్ణోగ్రత మార్చాం, ఇంకో వేఫర్ పెంచాం, మళ్ళీ అదే. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. చివరికి ఒక చిన్న ముక్కను హైడ్రోక్లోరిక్, ఫాస్ఫారిక్ ఆసిడ్ల మిశ్రమంలో ముంచి అడ్డంగా విరిచి చూస్తే బయటపడింది. ఇండియం ఫాస్ఫైడ్‌ను ఆసిడ్ రెండు దిశల్లో రెండు రకాలుగా తింటుంది, ఒక దిశలో గోడ నిటారుగా నిలుస్తుంది, ఇంకో దిశలో ఏటవాలుగా వస్తుంది. గోడ ఏటవాలుగా ఉండాల్సిన చోట నిటారుగా ఉంది. పది నిమిషాల పరీక్ష. ఇప్పుడు ఏ కొత్త వేఫర్ వచ్చినా మాస్క్ (రిడ్జ్ ఆకారం అచ్చువేసే తెర) పెట్టకముందే ఒక మూల ముక్క విరిచి ఆ పరీక్ష చేస్తాను.

ఉష్ణోగ్రత విషయానికి వస్తాను, ఎందుకంటే ఈ లేజర్లను అందరూ తప్పుపట్టేది ఇక్కడే. థ్రెషోల్డ్ వేడితో ఎంత త్వరగా పెరుగుతుందో చెప్పడానికి టి-జీరో అనే అంకె వాడతాం. అది 60 కెల్విన్ అయితే, 20 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు వెళ్ళేసరికి థ్రెషోల్డ్ 2.7 రెట్లు అవుతుంది. 120 అయితే 1.65 రెట్లే. డోపింగ్ (కావాలని కలిపే మలినం) లేని మామూలు డాష్ లేజర్లకు టి-జీరో 50 నుంచి 80 మధ్యే ఉంటుంది, అంటే అరకావా, సకాకి కలగన్న అనంతానికి చాలా దూరం. కారణాలు రెండు. గీతలోని మెట్లు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి, కాబట్టి వేడెక్కిన ఎలక్ట్రాన్లు పైకి ఎక్కి చుట్టూ ఉన్న పలుచటి పొరలోకి, అక్కడి నుంచి అడ్డుగోడలోకి కారిపోతాయి. రెండోది ఆగర్ ప్రక్రియ, అంటే ఎలక్ట్రాన్, హోల్ కలిసినప్పుడు వెలుగు రాకుండా ఆ ఎనర్జీని మూడో కణం ఎత్తుకుపోవడం. 1.55 మైక్రాన్ల దగ్గర ఇది బాగా ఎక్కువ.

దీనికి పేరున్న మందు పి-డోపింగ్. అడ్డుగోడల్లో ముందే హోల్స్ నింపి పెడితే గీతల్లో హోల్స్ మెట్లు ఖాళీ పడవు, టి-జీరో 100 దాటించవచ్చు. మిచిగాన్ విశ్వవిద్యాలయంలో భట్టాచార్య బృందం దీనికి టన్నెల్ ఇంజెక్షన్ జోడించింది. పక్కన ఒక క్వాంటమ్ వెల్ పెట్టి, అందులో చల్లబడిన ఎలక్ట్రాన్లను పలుచటి గోడ గుండా నేరుగా గీతలోని కింది మెట్టులోకి దింపడం. వేడి ఎలక్ట్రాన్లు పై నుంచి పడి కిందికి దిగేదాకా ఆగనక్కర్లేదు కాబట్టి లేజర్‌ను వేగంగా ఆర్పి వెలిగించడానికి కూడా ఇది సాయపడుతుంది.

కానీ టి-జీరోను ఒక్కదాన్నే పట్టుకుని ఇదిగో బాగుపడింది అనడం నాకు నచ్చదు. ఒక లెక్క చూడండి. ఒక లేజర్‌కు 20 డిగ్రీల దగ్గర థ్రెషోల్డ్ 50 మిల్లీయాంపులు, టి-జీరో 60. ఇంకోదానికి డోపింగ్ వల్ల థ్రెషోల్డ్ 150, టి-జీరో 120. రెండోది బాగుందనిపిస్తుంది. 80 డిగ్రీలకు తీసుకెళ్ళండి, మొదటిది 136 దగ్గర, రెండోది 247 దగ్గర ఉంటాయి. అక్కడ కూడా మొదటిదే నయం. పి-డోపింగ్ హోల్స్ కాంతిని శోషిస్తాయి, ఆగర్‌ను కూడా ఎగదోస్తాయి, అందుకే మొదలే ఎక్కువ కరెంటు తాగుతుంది. కాబట్టి ఎవరైనా టి-జీరో పెరిగింది అంటే, 80 డిగ్రీల దగ్గర థ్రెషోల్డ్ ఎంత అని అడుగుతాను.

చిప్ నుంచి వేడి ఎలా బయటికి పోతోంది అనేది ఇంకో సగం. కరెంటును చిన్న చిన్న పల్స్‌లుగా ఇచ్చినప్పుడు అద్భుతంగా ఉన్న చిప్, కరెంటు ఆపకుండా ఇస్తే పవర్ గ్రాఫ్ కాస్త పైకి వెళ్ళి, వంగి, కిందికి దిగిపోతుంది. ఒకసారి ఒకే బార్ (చిప్‌ల వరుస) నుంచి తీసిన రెండు చిప్‌లలో ఒకటి ముందే వంగిపోయింది. విడదీసి చూస్తే కింద సోల్డర్‌లో గాలి బుడగంత ఖాళీ ఉంది, సరిగ్గా రిడ్జ్ కిందే. చిప్‌ను పి వైపు కిందికి తిప్పి, ఖాళీలు లేకుండా గోల్డ్-టిన్‌తో అతికిస్తే అదే మెటీరియల్ కొత్తగా కనిపిస్తుంది. పల్స్ కొలతకూ, నిరంతర కొలతకూ తేడా ఎంతో రాసుకోవడం అలవాటు చేసుకుంటే సమస్య మెటీరియల్‌దా, ప్యాకేజీదా అన్నది త్వరగా తేలిపోతుంది.

ఇంతసేపూ సైజుల తేడాను జబ్బు అన్నట్టే రాశాను. అది సగం నిజమే, ఎందుకంటే నాకు ఈ లేజర్ల మీద ఇంత ఇష్టం కలగడానికి కారణం కూడా అదే తేడా. గీతలన్నీ వేర్వేరు రంగులకు గెయిన్ ఇస్తాయి కాబట్టి పదుల కొద్దీ రంగులు ఒకేసారి వెలగగలవు. ఒక మామూలు చిప్‌కు, లోపల ఇంకే ఏర్పాటూ లేకుండా, ఒకే ఎలక్ట్రోడ్‌తో నిలకడైన కరెంటు ఇస్తే చాలు, స్పెక్ట్రమ్ ఎనలైజర్ మీద సమాన దూరాల్లో దువ్వెన పళ్ళలా రేఖలు నిలబడతాయి, ఒక్కో పన్ను ఒక్కో రంగు. ఒక మిల్లీమీటరు చిప్‌కు పళ్ళ మధ్య దూరం సుమారు 43 గిగాహెర్ట్జ్, 25 కావాలంటే సుమారు 1.7 మిల్లీమీటర్లు. పళ్ళన్నీ ఒకదానితో ఒకటి ఫేజ్ (తరంగాల అడుగు) కలుపుకుని ఉంటాయి, కాకపోతే పన్ను పన్నుకూ ఆ ఫేజ్ సరళరేఖలా మారదు, అందుకే బయటికి వచ్చే కాంతి పల్స్‌లా కనిపించదు. తగినంత పొడవు మామూలు ఫైబర్ గుండా పంపితే అది సర్దుకుని పికోసెకనులోపు పల్స్‌లుగా మారుతుంది. మొదటిసారి ఫైబర్ చుట్టను మధ్యలో పెట్టగానే ఆటోకోరిలేటర్ (అతి చిన్న పల్స్‌లను కొలిచే పరికరం) మీద ఆ పల్స్ లేచి నిలబడటం చూసినప్పుడు నేను కుర్చీలోంచి లేచిపోయాను.

జర్మనీలోని కార్ల్స్‌రూ సాంకేతిక సంస్థ వాళ్ళు ఇలాంటి ఒక్క డాష్ లేజర్ పళ్ళను వేర్వేరు చానెళ్ళుగా వాడి సెకనుకు 10 టెరాబిట్ల డేటా పంపినట్టు 2019లో ప్రచురించారు. పదుల లేజర్లు చేయాల్సిన పని ఒక్క చిప్ చేసింది. ఇక్కడ ఉన్న చిక్కు, పళ్ళ మధ్య దూరం చాలా స్థిరంగా, కిలోహెర్ట్జ్ స్థాయిలో, ఉన్నా, ఒక్కో పన్ను మందం మాత్రం మెగాహెర్ట్జ్‌లలో ఉంటుంది. ఫేజ్‌లో డేటా దట్టంగా కుక్కాలంటే అది ఎక్కువ. బయట ఒక అద్దం పెట్టి, వచ్చిన కాంతిలో కొంచెం సరైన ఫేజ్‌లో తిరిగి లోపలికి పంపితే పన్ను సన్నబడుతుంది. ఆ కొంచెం ఎంత, ఎంత దూరం నుంచి అన్నదాని మీదే అంతా ఉంది, అద్దాన్ని మైక్రాన్‌లో భాగం జరిపినా పళ్ళు చెదిరిపోతాయి, మళ్ళీ కుదురుకుంటాయి.

అందుకే ఎవరైనా డాష్ లేజర్‌ను ఎలా బాగు చేయాలి అని అడిగితే, దేనికోసం అని తిరిగి అడుగుతాను. ఒకే రంగు, తక్కువ కరెంటు, 80 డిగ్రీల్లో కూడా కదలకూడదు అంటే ఎత్తులు సమానం చేయాలి, డబుల్ క్యాప్ వైపు వెళ్ళాలి. దువ్వెన కావాలి, లేదా వెడల్పాటి స్పెక్ట్రమ్ కావాలి అంటే ఆ ఎత్తుల తేడాను తుడిచేయకూడదు. పైగా పొర పొరకూ అడ్డుగోడ మందం కావాలనే మార్చి ఆ తేడాను ఇంకొంచెం పెంచేవాళ్ళూ ఉన్నారు, సౌదీలోని కౌస్ట్ విశ్వవిద్యాలయం వాళ్ళు అలాగే వెడల్పాటి లేజర్లు చేశారు. రెండు అవసరాలకూ ఒకే వేఫర్ చాలదు.

ప్రస్తుతం మా దగ్గర ఆరు పొరల వేఫర్లు రెండు ప్రాసెసింగ్‌లో ఉన్నాయి, ఒకటి డబుల్ క్యాప్‌తో, ఒకటి లేకుండా, మిగతాదంతా ఒకటే. రెండింటి నుంచీ 1, 1.7 మిల్లీమీటర్ల బార్లు విరిచి, సగానికి వెనక పూత వేసి, 20, 80 డిగ్రీల దగ్గర థ్రెషోల్డ్‌లూ, దువ్వెన పళ్ళ సంఖ్యా పక్కపక్కన పెట్టి చూడాలని ఉంది. దిశ పరీక్ష ముక్కలు రెండూ నిన్ననే ఆసిడ్‌లో ముంచి చూశాను. గోడలు ఉండాల్సినట్టే ఉన్నాయి.